‘చాలా’ చాలదు తమ్ముడూ

తమ్ముడూ,

కథ చదివాను. బాగుంది గానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "చాలా చీకటిగా ఉన్న ఆ రాత్రి చాలా ముసలావిడ ఒకామె చాలా దూరం నడిచి వచ్చింది" అని రాశావు. మూడు చోట్లా అదే మాట పడేసరికి చీకటీ, వయసూ, దూరమూ అన్నీ ఒకే సైజులో కనిపిస్తున్నాయి.

తెలుగులో ఎక్కువదనం చెప్పే మాటలు ఎక్కడ పడితే అక్కడ ఇమడవు, దేని జోడీ దానికుంటుంది. చీకటికి కటిక ఉంది, చిమ్మ ఉంది, కారు ఉంది. కటిక పేదరికానికీ, ఉపవాసానికీ కూడా వస్తుంది, అదే కటిక ధనవంతుడు అని చూడు, నవ్వుతారు. ముసలికీ వెన్నెలకీ పండు. గాలికీ తుఫానుకీ ప్రమాదానికీ పెను, అంతేగానీ పెను చిరునవ్వు ఎవరూ నవ్వలేదు. అలాగని కటిక చీకట్లో పండు ముసలి అని రెండూ కలిపి గుప్పించకు, అరిగిపోయిన జోడీలు పక్కపక్కన పెడితే అదింకో రకం బద్ధకం. ఒకటి ఉంచు. దూరానికైతే ఏదీ తగిలించకు. ఆవిడ తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వచ్చిందని మూడో పేజీలో నువ్వే రాశావు కదా, దాన్ని ముందుకు తీసుకురా.

ఇంకో దారి, మాటనే రెండుసార్లు అనడం. పగలు పగలు కలిసి పట్టపగలు, నడుమ నడుమ కలిసి నట్టనడుమ, చివర చివర కలిసి చిట్టచివర. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దీనికి సూత్రమే రాశాడు, మనం బళ్ళో ద్విరుక్తటకార సంధి అని బట్టీపట్టి మార్కులు రాగానే వదిలేసింది అదే. "పట్టపగలు దొంగతనం జరిగింది" అను, చెప్పింది పగటి సంగతే అయినా వినపడేది దొంగ తెగింపు.

సంస్కృతం దగ్గర కాస్త జాగ్రత్త. గరిష్ఠం అంటేనే అన్నిటికన్నా ఎక్కువ, దాని నెత్తిన మళ్ళీ ‘అత్యంత’ ఎందుకు? ఉత్తమలో ఉన్న ‘తమ’ చేసేదీ ఆ పనే. అయినా అత్యుత్తమ జనం నోట్లో నాటుకుపోయింది, దాంతో పేచీ పెట్టుకోను.

సంభాషణల్లో మాత్రం వీటిని ధారాళంగా వాడు, ఎందుకంటే మనిషి అక్కడే దొరికిపోతాడు. ఒక కుర్రాడి గురించి "తెగ తిరుగుతున్నాడు" అన్నవాడిలో కొంచెం వెటకారమో ఈర్ష్యో ఉంటుంది, "మరీ తిరుగుతున్నాడు" అన్నది విసిగిపోయిన తల్లి అయ్యుంటుంది, "భలే తిరుగుతాడు" అన్నాడంటే వాడు ఫ్రెండే. నీ కథలో డ్రైవరూ, ఇంటాయనా, నాలుగేళ్ళ పిల్లా అందరూ "చాలా" అనే అంటున్నారు. ఆ వయసు పిల్ల చాలా పెద్ద కుక్క అంటుందా? చేతులు బారచాపి "ఇంత కుక్క" అంటుంది. సంభాషణలన్నీ ఒకసారి పైకి చదువుకుని, మార్చి పంపు.