రికార్డింగ్‌లో సౌండ్ రాకపోతే కుర్రాడికి భవిష్యత్తు లేనట్టేనా?

ప్రశ్న: సార్, మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాలుగెకరాల రొయ్యల చెరువు ఉంది. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి గానీ గిటార్ పిచ్చి పట్టుకుంది. నిరుడు పట్టుబట్టి చిన్న యాంప్లిఫయర్, కంప్యూటర్‌కి తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనిపించుకున్నాడు. యాంప్ నుంచి డైరెక్టుగా వైరు లాగి రికార్డు చేస్తే శబ్దం పీలగా, ఎక్కడో దూరంగా వస్తోంది. పెంచితే గుయ్‌మని మోత. ఇప్పుడేమో ట్యూబ్ యాంప్ (పాతకాలం రేడియోల్లోలా గాజు వాల్వులుండేది) కావాలంటాడు. పైగా బీటెక్ వద్దట, హైదరాబాద్‌లో ఏడాది సౌండ్ ఇంజనీరింగ్ డిప్లొమా చేస్తాడట. ఆ సంస్థవాళ్లు సీటు బ్లాక్ చేసుకోమని రోజూ ఫోన్లు. ఇంత ఖర్చుపెట్టించి ఒక పాట సరిగ్గా రికార్డు చేయలేనివాడు రేపు సౌండ్ ఇంజనీర్ ఏమవుతాడు? గిటార్ బీరువాలో పెట్టి తాళం వేశాను. బీటెక్‌లో ఇసిఇ (ఎలక్ట్రానిక్స్), ఈ డిప్లొమా రెండూ పోల్చి చెప్పండి. వాడి రికార్డింగు, వైర్ల ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: నమస్కారమండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. గిటార్ ఉన్నచోట ఒకరు కెమెరా అని రాస్తారు, ఒకరు క్రికెట్ కిట్టు అని రాస్తారు. అడిగేది కోర్సుల గురించే అయినా, అడుగున ఉండేది ఒకటే భయం: కుర్రాడు చేతికి అందకుండా పోతాడేమో, రేపు పెళ్లిలో చుట్టాలు అడిగితే ఏమని చెప్పుకోవాలో అని. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ మీరు దానికి సాక్ష్యంగా చూపించిన రికార్డింగు మాత్రం మీవాడికి వ్యతిరేకంగా ఏమీ చెప్పడం లేదు. ముందు దాని సంగతి చూద్దాం.

నేనూ ఇసిఇ చదివినవాణ్ణే కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండుసార్లు విన్నాను. తీగ మీటిన శబ్దం దాదాపు లేదు. దాని వెనక వచ్చే రివర్బ్, అంటే ఆ గదిలో మోగినట్టుండే తోక, మాత్రం శుభ్రంగా వినపడుతోంది. అసలు లేకుండా కొసరు ఎలా వచ్చింది? జవాబు మీరు పంపిన రెండో ఫొటోలో ఉంది. వైరు ఒక కొస యాంప్ వెనక ఫోన్స్, అంటే హెడ్‌ఫోన్, అని రాసిన రంధ్రంలో ఉంది. రెండో కొస బయట పెట్టి ఫొటో తీశారు, మంచి పని చేశారు. ఆ పిన్ను మీద రెండు నల్లటి గీతలున్నాయి. ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ దీపం వెలగడం లేదు, అంటే ఇన్‌పుట్ లైన్ మీద, అంటే గిటార్‌ని నేరుగా కాకుండా వేరే పరికరం నుంచి సిగ్నల్ తీసుకునే పద్ధతిలో, ఉంది.

రెండు గీతల పిన్ను మీద మూడు భాగాలుంటాయి: కొస, మధ్య రింగు, మొదలు. హెడ్‌ఫోన్ రంధ్రంలో కొసన ఎడమ చెవి శబ్దం, రింగులో కుడి చెవి శబ్దం వస్తాయి. ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్ అలా అనుకోదు. అది బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్. కొసలో ఉన్నదాంట్లోంచి రింగులో ఉన్నదాన్ని తీసేసి, తేడాను మాత్రమే లోపలికి పంపుతుంది. దారిలో రెండు తీగలకూ సమానంగా అంటుకున్న రొద పోవాలని అలా చేస్తారు. మీవాడి గిటార్ రెండు చెవుల్లోనూ ఒకేలా ఉంటుంది, కాబట్టి తీసివేతలో అదీ పోయింది. రివర్బ్ ఎడమకొకలా కుడికొకలా ఉంటుంది, అందుకే మిగిలింది. మిగిలిన ఆ కాస్తను వినపడేలా చేయడానికి మీవాడు గెయిన్, అంటే ఇంటర్‌ఫేస్ మీద లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే మీట, చివరిదాకా తిప్పాడు. దాంతో మోతా పెరిగింది. అంతేనండి. వాడి చేతిలో లోపం లేదు, యాంప్‌లోనూ లేదు.

దీనికి కావలసింది ట్యూబ్ యాంప్ కాదు, వై కేబుల్. ఒక వైపు రెండు గీతల పిన్ను, రెండో వైపు ఒక్కో గీతతో రెండు పిన్నులు ఉండేది. కొన్ని వందల్లో వస్తుంది. ఆ రెండింటినీ ఇంటర్‌ఫేస్‌లో 1, 2 ఇన్‌పుట్లకు పెట్టి, రెండూ లైన్ మీదే ఉంచమనండి. ఒకటే రంధ్రం ఖాళీ ఉంటే ఎడమది పెట్టినా చాలు. అంతేగానీ ఒక గీత పిన్నును సరాసరి హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చొద్దు. కుడి వైపు షార్ట్ అవుతుంది. కొన్ని యాంప్‌లు ఓర్చుకుంటాయి, కొన్ని ఓర్చుకోవు. వీలైతే యాంప్ వెనక ఇంకోసారి టార్చి వేసి చూడమనండి. లైన్ అవుట్ గానీ, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ గుండ్రటి రంధ్రం గానీ, యూఎస్‌బీ గానీ ఉంటే హెడ్‌ఫోన్ జాక్ కంటే అదే మేలు. ఎక్స్‌ఎల్‌ఆర్ అయితే మైక్ ఇన్‌పుట్‌కి వెళ్తుంది. అప్పుడు 48 వోల్టుల ఫాంటమ్ బటన్ (కొన్ని మైకులకు కరెంటు పంపేది) ఆపి ఉంచాలి.

లెవెల్ సంగతి కూడా చెప్పేస్తాను, కుర్రాళ్లందరూ ఇక్కడే కంగారుపడతారు. హెడ్‌ఫోన్ అవుట్ యాంప్ వాల్యూమ్‌ని బట్టి మారుతుంది. యాంప్ వాల్యూమ్ సున్నా దగ్గర ఉంచి ఇంటర్‌ఫేస్ గెయిన్ పెంచితే వచ్చేది రొదే. ముందు యాంప్ సగం దాకా, ఆ తర్వాత కావలసినంతే గెయిన్. రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టుకుని, గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12, మైనస్ 10 డీబీ దగ్గర ఆగితే అది బ్రహ్మాండమైన సిగ్నల్. సగటున మైనస్ 18 ఉన్నా లోటేమీ లేదు. సినిమా పాట పక్కన పెట్టుకుని నాది చిన్నగా ఉందని ఏడవకూడదు. ఆ పాటని మిక్సింగ్, మాస్టరింగ్ అయ్యాక పెంచారు, రికార్డు చేసేటప్పుడు కాదు. ఎరుపు దీపం తగిలితే ఆ పగుళ్లు తర్వాత పోవు.

ఇంకా మోత మిగిలితే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీద ఒకసారి రికార్డు చేసి చూడాలి. తగ్గిందంటే గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌లు వైర్ల ద్వారా చుట్టులా కలిసిపోయి వచ్చే మోత. ఎక్స్‌ఎల్‌ఆర్ దగ్గర గ్రౌండ్ లిఫ్ట్ అని బటన్ ఉంటే నొక్కాలి. మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొడితే మోత పోతుందని ఎవడైనా సలహా ఇస్తే మాత్రం వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకండి. మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. అది గిటార్ కోసమే కాదు.

ఇప్పుడు మీ వంతు. మీ చెరువులో రొయ్యలు పైకి తేలితే మీరేం చేస్తారు? ముందు నీళ్లు పరీక్ష చేయిస్తారు, ఆక్సిజన్ చూస్తారు, ఏరేటర్ తిరుగుతోందో లేదో చూస్తారు. రొయ్యకి బతికే యోగ్యత లేదని తీర్పు చెప్పి ఇంటికి పోరు కదా. మరి కొడుకు దగ్గర పరీక్ష లేకుండానే తీర్పు ఎలా చెప్పారండీ? బీరువాకి తాళం వేసి మీరు సాధించింది ఒకటే: ఆ డిప్లొమా సంస్థ ఫోన్ చేసినప్పుడు వాడికి అది విముక్తిలా వినపడుతుంది. ఇంట్లో వినే మనిషి లేనప్పుడు బయట తియ్యగా మాట్లాడేవాడే గురువు. నేను చూసిన చాలా ఇళ్లల్లో పిల్లలు చెడ్డ కోర్సులో చేరింది కోర్సు నచ్చి కాదు, తండ్రి మీద పంతానికి. తాళం తీయండి. పరీక్షలయ్యేదాకా రోజుకి గంట అని ఇద్దరూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. మార్కులు బాగానే వస్తున్నాయని మీరే రాశారు.

ఆ డిప్లొమాల గురించి నాకు ఎప్పటినుంచో అనుమానాలున్నాయి, దాచుకోను. మన కొవ్వూరులో పుట్టిన కీరవాణి గారికి 2023లో ఆస్కార్ వచ్చాక, ఈ జిల్లాల్లో సంగీతం అన్న ప్రతి కోర్సుకీ గిరాకీ వచ్చిందేమో అనిపించేంతగా ఫోన్లు వస్తున్నాయి. బ్రోచర్‌లో పెద్ద కన్సోల్ ముందు కుర్రాడి ఫొటో ఉంటుంది. కోర్సులో అడుగు పెట్టాక దాన్ని ఎన్ని గంటలు ముట్టుకోనిస్తారో రాయరు. లక్షల్లో ఫీజు తీసుకుని చాలాచోట్ల నేర్పేది ఒక సాఫ్ట్‌వేర్ వాడకం. అది మీవాడు ఇంట్లో ఇప్పటికే సగం నేర్చేసుకుని ఉంటాడు. అన్నీ అలాగే ఉంటాయనను, మంచి మాస్టార్లున్నవీ ఉన్నాయి. కానీ బాగున్నవాటిని గుర్తుపట్టడం ఇంటర్ కుర్రాడి వల్లా కాదు, మీ వల్లా కాదు. అందుకే మూడేళ్ల క్రితం బయటికెళ్లిన విద్యార్థులు ఇద్దరి నంబర్లు సంస్థవాళ్లని అడగండి, వాళ్లు ఎంచి ఇచ్చినవి కాకుండా మీరు వెతికి పట్టుకున్నవి ఇంకో రెండు. నెలకి ఎన్ని రోజులు పని దొరుకుతోందో వాళ్లనే అడగండి.

ఇంకో సంగతి ఆ సంస్థవాళ్లు చెప్పరు. పూణేలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ కేంద్ర ప్రభుత్వం నడిపే సినిమా విద్యాసంస్థలు. సౌండ్‌లో దేశంలో పేరున్నవి. వాటిలో మూడేళ్ల సౌండ్ కోర్సుకి డిగ్రీ ఉండాలి. ఇంటర్ తర్వాత ఏడాది డిప్లొమా చేసి ఆగిపోతే ఆ తలుపు మూసుకున్నట్టే. 2009లో సౌండ్‌కి ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి కేరళలో ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసి, ఆ తర్వాతే పూణేకి వెళ్లారు.

మీరడిగిన పోలిక విషయానికొస్తే, ఇసిఇని నేను వెనకేసుకొస్తాను గానీ పొగడను. పైన చెప్పిన తీసివేత ఉంది చూశారూ, అది ఇసిఇలో డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ అనే పాఠం. ఇంపిడెన్స్, డెసిబెల్, సిగ్నల్ ప్రాసెసింగ్ అన్నీ అక్కడే. చేత్తో చేసి నేర్చుకున్నవాడికి ఆ పుస్తకం కథలా సాగుతుంది. అయితే మన చుట్టుపక్కల చాలా కాలేజీల్లో ల్యాబ్ రికార్డులు ఎలా రాస్తారో మీకూ తెలుసు, చివరికి అందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికే పోతారు. ఇసిఇలో చేరితే చాలు సౌండ్ వస్తుందనుకోవద్దు. ఫిజిక్స్‌తో బీఎస్సీ కూడా తక్కువేం కాదు. ఖర్చు తక్కువ, తీరిక ఎక్కువ. డిగ్రీ ఏదైనా ఫరవాలేదు గానీ, డిగ్రీ మాత్రం ఉండనీయండి.

ఆ డిగ్రీ చదివినన్నాళ్లూ పని నేర్చుకునే చోట్లు మన దగ్గరే ఉన్నాయి. కల్యాణ మండపాల సౌండ్ వాళ్లు, కోనసీమ ప్రభల తీర్థాలు, డిసెంబరంతా చర్చిల్లో క్రిస్మస్ పాటల రికార్డింగులు. మైక్ సెట్ వాడు అని మీరు ముఖం చిట్లించుకుంటారని తెలుసు. కానీ వెయ్యిమంది ముందు వైరు తప్పు పెడితే ఏమవుతుందో అక్కడ ఒక రాత్రిలో తెలుస్తుంది. అలాగే ఆషాఢంలో, మూఢంలో ఆ పనివాళ్ల చేతులు ఎంత ఖాళీగా ఉంటాయో కూడా కుర్రాడు కళ్లారా చూస్తాడు. ఆ తర్వాత కూడా ఇదే కావాలంటే, అప్పుడు నమ్మండి. వద్దనుకున్నా డిగ్రీ చేతిలో ఉంటుంది. నష్టపోయింది ఏమీ లేదు, నిద్రపోండి.

ట్యూబ్ యాంప్ మాత్రం ఇప్పుడొద్దు. డబ్బు మాట అటుంచండి, దానికి స్పీకర్ గానీ, స్పీకర్ బదులు పెట్టే లోడ్ బాక్స్ గానీ తగిలించకుండా మోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఏ యాంప్ అయినా సరే, స్పీకర్ అవుట్ వైరును ఇంటర్‌ఫేస్‌లో పెడితే ఇంటర్‌ఫేస్ పోతుంది. ఈ రెండు మాటలూ వాడికి చదివి వినిపించండి, నేను చెప్పానని చెప్పండి.

సీటు బ్లాక్ చేయడానికి ఇంకా డబ్బు కట్టలేదనే అనుకుంటున్నాను. కట్టకండి. ఒకవేళ కట్టేసి ఉంటే రసీదు, రీఫండ్ షరతుల కాగితం ఫొటో తీసి ఈ వారంలో పంపండి. గడువు దాటాక నేనూ ఏం చేయలేను.