దొంగల మధ్య ప్రొఫెసర్

తమ్మీ,

నీ గుప్తనిధుల కథ రెండు పేజీలు బాగానే ఉరికింది. రామప్ప గుడి వెనక దొంగలు గడ్డపార దించారు, వాచ్‌మన్ బీడీ ముట్టించాడు, నాకూ టెన్షన్ మొదలైంది. అప్పుడు దిగాడు నీ ప్రొఫెసర్! 1213లో కట్టడం, కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు, నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక పునాది, 2021లో యునెస్కో గుర్తింపు... ఒకటిన్నర పేజీ. అంతసేపూ దొంగలు గడ్డపారలు పట్టుకుని నిలబడ్డారా? ఒళ్లు మండింది. పైగా "కాలక్షేపం కథలో జ్ఞానం ఇమడదేమో సార్" అని డౌటొకటి.

ఎందుకు ఇమడదు? ఇసుక సంగతి దొంగకు తెలియకుండా ఉంచు. వాడు గట్టి నేల అనుకుని తవ్వాలి. ఇసుక రావాలి. తీసినకొద్దీ పక్కల నుంచి జారి గుంత పూడాలి, తెల్లారేలోపు పని కాదని వాడికి చెమటలు పట్టాలి. దొరికాక కానిస్టేబుల్ ఒక్క మాట అంటే చాలు: భూమి అదిరితే ఆ అదురు గుడికి ఎక్కకుండా పోసిన ఇసుకరా అది, అని. చదివినోడు జన్మలో మరవడు. కథ మలుపు తిరిగేది ఆ సంగతి మీదే అయ్యుండాలి. దాన్ని దాటేసి చదివితే దొంగ ఎట్లా దొరికాడో అర్థం కావద్దు.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తాగా ఉన్నప్పుడు ఒక హత్య కథ రాశాను. మిర్చి మీద నీళ్లు చల్లితే తూకం పెరుగుతుంది, ఆరితే దిగుతుంది. తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలో, రాసిన తూకానికీ, గోదాంలో బస్తా తూకానికీ తేడా దగ్గరే నా హంతకుడు దొరుకుతాడు. ఒక వారపత్రిక ఎడిటర్ గారు "పాఠకులకు మిర్చి ముచ్చట ఎందుకండీ" అని ఆ భాగమంతా కోసేశారు. మరి వాడు దొరికేదెట్లా? చివరి పేరాలో ఏడ్చి తనంతట తానే ఒప్పుకున్నాడు! ఆ ఏడుపు ఎడిటర్ గారిదే. కథ ముందే విన్న మా దడ్వాయి, అదే బస్తాలు తూకం వేసేవాడు, అచ్చులో చదివి "తూకం ఏది సారూ?" అని నన్ను నిలదీశాడు. అదే పత్రిక తర్వాత సాహిత్యంలో సరుకు తగ్గిందని సంపాదకీయాలు రాసింది.

ప్రొఫెసర్‌ను పీకేసి మళ్లీ పంపు. వాచ్‌మన్‌ను ముట్టుకోకు, బాగున్నాడు. పాలంపేట పోయి, రాత్రి ఆ గుడి వెనక వెలుతురు ఎంత ఉంటుందో చూసి రా, నీ కథలో పున్నమి వెన్నెల్లో తవ్వుతున్నారు వెర్రి దొంగలు. కలం పేరు, అచ్చు ఖర్చు అడిగావు, అవి తర్వాత.

ఇట్లు,
అన్న
హనుమకొండ