బుట్ట చూశాకే మందు పట్టు

చిరంజీవి శ్రీనుకు బాబాయి ఆశీస్సులు.

పత్తి నెల దాటింది, గులాబీ పురుగుకి ముందుజాగ్రత్తగా ఇప్పుడే మందు కొట్టనా అని అడిగావు. వద్దురా. ఏ మందు అన్నది తర్వాతి సంగతి, ఎప్పుడు కొట్టాలన్నదే అసలు సంగతి. గుడ్డు పగిలిన కాసేపటికే ఆ పిల్లపురుగు గూడలోకో (పూమొగ్గలోకో) కాయలోకో దూరిపోతుంది. దూరిన రంధ్రం కూడా పూడుకుపోతుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన మందు కొట్టినా దానికి తగలదు. రెక్కల పురుగులు తిరుగుతూ గుడ్లు పెట్టే రోజులు పట్టుకోవాలి. అందుకే లింగాకర్షక బుట్టలు, అంటే ఆడపురుగు వాసన ఉన్న ఎరతో మగపురుగుల్ని రప్పించి పట్టేవి. బోల్‌గార్డ్-2 అనే, పురుగుని తట్టుకునే బీటీ పత్తి విత్తనమే కదా అని ధైర్యపడకు, 2006లో వచ్చిన ఆ రకాలకి ఈ పురుగు ఎప్పుడో అలవాటు పడిపోయింది.

45 రోజులకల్లా ఎకరానికి నాలుగు బుట్టలు పెట్టు. మొక్కల తలలకి అడుగు ఎత్తున ఉండాలి, పైరు ఎదిగేకొద్దీ పైకి జరుపు. శనగపచ్చ పురుగు ఎర, గులాబీ పురుగు ఎర ఒకే బుట్టలో వెయ్యకు. మూడు నాలుగు వారాలకు ఎర మార్చు.

రోజూ పొద్దున్నే లెక్క చూడు. బుట్టకి 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే మందు వేళ వచ్చినట్టే. అయితే బుట్టలో పడేవి మగవే, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. చేనంతా తిరిగి 20 పచ్చికాయలు కోసి చీల్చి చూడు. పైకి నిగనిగలాడే కాయలోనే గింజ పక్కన తెల్లటి సన్నపురుగు ఉంటుంది. గులాబీ రంగు ముదిరాకే వస్తుంది. రెండు కాయల్లో కనబడినా ఆలస్యం చెయ్యకు. విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూలు కనిపిస్తే తుంచి, పురుగుతో సహా నాశనం చెయ్యి.

లీటరు నీటికి ప్రొఫెనోఫాస్ 2 మి.లీ. గానీ, థయోడికార్బ్ 1.5 గ్రాములు గానీ చాలు. సింథటిక్ పైరెథ్రాయిడ్లు అనే రకం పురుగుమందులు మొదట్లోనే కొడితే తెల్లదోమ విరుచుకుపడుతుంది. మందుల దుకాణంవాడు చెప్పాడని రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపొద్దు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మూతికి గుడ్డ కాదు, మాస్కు పెట్టుకో. చేతులకి తొడుగులు వేసుకో. ఎదురుగాలిలో కొట్టకు.

ఆడపురుగు వాసన పట్టించి మొక్కలకి కట్టే ఫెరమోన్ తాళ్ల గురించి కూడా అడిగావు కదా. ఆ వాసన చేనంతా కమ్మేసి మగపురుగుకి ఆడది ఎక్కడుందో తెలియకుండా చేస్తుంది. మంచి పద్ధతే. కానీ తాళ్లు కట్టాక బుట్టలు ఖాళీగా కనిపిస్తాయి, అది చూసి నిశ్చింతగా ఉండకు. పక్క చేలో జతకట్టిన ఆడపురుగు ఎగిరొచ్చి నీ కాయల మీదే గుడ్లు పెడుతుంది. అప్పుడు కాయ చీల్చి చూడటమే దిక్కు.

అందుకే చుట్టుపక్కల చేలవాళ్లతో ఈ వారమే మాట్లాడు. అందరూ ఒకేసారి కట్టుకుంటేనే తాళ్లకి పెట్టిన డబ్బు దక్కుతుంది; వాళ్లు ఒప్పుకోకపోతే బుట్టలతోనే సరిపెట్టుకో.

మీ బాబాయి