86 కొనాలా, బీఆర్‌జెడ్ కొనాలా?
2013 నాటి రెండు స్పోర్ట్స్ కార్లు, టొయోటా 86, సుబారు బీఆర్‌జెడ్, ఒకే ధరకు దొరికాయి, ఏది మేలని అడిగారు. ముందు బ్యాడ్జీని మరచిపోండి. రెండూ సుబారు గున్మా కర్మాగారంలో పుట్టినవే, రెండింటిలోనూ అదే 2.0 లీటర్ల బాక్సర్ (సిలిండర్లు రెండు పక్కలా అడ్డంగా పడుకున్నట్టుండే) ఇంజనే. సస్పెన్షన్ స్ప్రింగుల అమరిక వేరు కాబట్టి మలుపుల్లో 86 వెనక భాగం కాస్త తొందరగా జారుతుంది, బీఆర్‌జెడ్ నిలకడగా తిరుగుతుంది. టైర్లు మారిస్తే ఈ తేడా చాలావరకు మాసిపోతుంది.

అసలు చూడవలసింది వేరే ఉంది. ఇంజన్ లోపలి వాల్వు స్ప్రింగుల లోపంతో తొలినాటి కార్లను 2018లో వెనక్కి పిలిచారు. ఆ మరమ్మతుకు ఇంజన్‌ను దించి, విప్పి, మళ్లీ సీలెంట్ (అతుకుల నుంచి ఆయిల్ కారకుండా పూసే జిగురు) పూసి మూయాలి. చేయి తిరగని మెకానిక్ దాన్ని అతిగా పూస్తే, ముక్కలు లోపల రాలి ఆయిల్ లాగే గొట్టం జాలీకి అడ్డుపడతాయి. తర్వాత ఆయిల్ అందని బేరింగుల (ఇంజన్‌లో తిరిగే భాగాలను మోసేవాటి) గతి చెప్పనక్కర్లేదు! కనుక ఛాసిస్ నంబరుతో ఆ పని జరిగిందో లేదో, జరిగాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కనుక్కోండి. మరమ్మతు అయ్యాక వేల కిలోమీటర్లు చప్పుడు లేకుండా తిరిగిన బండినే నేను ఎంచుకుంటాను, ఓడోమీటర్ అంకె పెద్దదైనా సరే.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే స్టార్ట్ చేసి, చప్పుడు ఏమైనా వస్తుందేమో వినండి. అమ్మేవారు ముందే వేడిచేసి ఉంచితే మరో రోజు వెళ్లండి.