అలసటను ప్రశ్నావళితో కొలిస్తే ఆ లెక్కను నమ్మొచ్చా?

కొంతవరకే. పరిశోధనల్లో బాగా వాడే చాల్డర్ ఫెటీగ్ స్కేల్‌నే తీసుకోండి. 11 ప్రశ్నలు, జవాబులన్నీ "మామూలు కంటే" ఎంత అన్న తీరులోనే. చాలాకాలంగా అలసట ఉంటే ఆరోగ్యంగా ఉన్న రోజులతో పోల్చుకోమంటారు. పదేళ్లు జబ్బుతో ఉన్న మనిషికి ఆ రోజులు ఏం గుర్తుంటాయి?

మార్కులేసే పద్ధతులు రెండు: ఒక్కో ప్రశ్నకున్న నాలుగు జవాబులకు వరసగా 0, 1, 2, 3 వేస్తే మొత్తం గరిష్ఠంగా 33; అవే జవాబులకు 0, 0, 1, 1 వేస్తే 11. ఒక రోగికి మూడు ప్రశ్నల్లో 3 కాస్తా 2 అయి, ఒకదాంట్లో 1 పోయి 2 వచ్చిందనుకోండి. మొదటి లెక్కలో రెండు మార్కులు తగ్గి నయమైనట్టు, రెండో లెక్కలో ఒకటి పెరిగి ముదిరినట్టు! పైగా మొదట్లోనే 33 వచ్చినవాళ్లకు జబ్బు ఇంకా ముదిరినా కాగితం మీద కనబడదు.

నన్ను ఎక్కువ బాధించేది వేరే. నర్సంపేట దగ్గర మా మేనత్త శాతనైతలేదని పత్తి ఏరుడు మానేసింది. ఇప్పుడు అడిగితే "గింతంత నయమే బిడ్డా" అంటది. పొద్దంతా గడపలో కూర్చుంటే అలసట తక్కువే మరి. మానేసిన పని గురించి ఆ కాగితంలో ఎవరూ అడగరు.

ఆ "శాతనైతలేదు" అన్న ఒక్క మాటలోనే నీరసం, ఒళ్లునొప్పులు, ఒంట్లో బాగోలేకపోవడం అన్నీ ఉంటాయి. ఇంగ్లిష్ ప్రశ్నను "అలసట" అని తెలుగు చేసి ఊరుకుంటే ఆమె దేనికి జవాబు చెప్పిందో తెలియదు. ప్రశ్నలతోపాటు రోజుకెన్ని అడుగులు వేసిందో, ఏ పనులు వదిలేసిందో కూడా రాసుకోవాలి.