అదే పాట, పదేళ్ల తర్వాత

ప్రశ్న: అమెరికన్ గాయని, పాటల రచయిత్రి కెరోల్ కింగ్ ‘టేపెస్ట్రీ’ ఆల్బమ్‌లో కొన్ని పాటలు అంతకుముందే వేరేవాళ్లు పాడి హిట్ చేసినవట కదా. మళ్లీ ఆవిడ గొంతులో ఎందుకు వినాలండీ?

జవాబు: అసలు అందుకే వినాలండీ! ‘విల్ యూ లవ్ మీ టుమారో’నే తీసుకోండి. 1960లో షిరెల్స్ బృందం పాడిన పాట అది. మాటలు అప్పటి ఆవిడ భర్త జెర్రీ గోఫిన్‌వి, బాణీ ఆవిడది, అప్పటికి ఆవిడ వయసు పద్దెనిమిదే. అందులో వయొలిన్లు, హుషారైన నడక ఉంటాయి. 1971 నాటి ‘టేపెస్ట్రీ’లో అదే పాటని బాగా నెమ్మది చేసి, పియానో దగ్గర కూర్చుని తనలో తను అడుగుతున్నట్టు పాడారు, వెనకాల జేమ్స్ టేలర్, జోనీ మిచెల్ గొంతు కలిపారు. అప్పటికి ఆ పెళ్లి ముగిసిపోయింది, ఇద్దరు కూతుళ్లు. రేపు కూడా నన్ను ప్రేమిస్తావా అన్న ప్రశ్న అక్కడ అమ్మాయి బెరుకులా వినిపిస్తే, ఇక్కడ అన్నీ చూసినావిడ అడిగినట్టుంటుంది. నాకైతే ప్రతిసారీ గుండె పట్టేస్తుంది.

ఆవిడది అరీతా ఫ్రాంక్లిన్‌లా పెద్ద గొంతు కాదు, అక్కడక్కడా కాస్త జీర కూడా ఉంటుంది. నిర్మాత లూ ఆడ్లర్ దాన్ని నునుపు చేయకుండా వదిలేయడం ఎంత మంచి పనో! అట్ట మీద కూడా అంతే, జీన్స్‌లో, ఉత్త కాళ్లతో కిటికీ పక్కన కూర్చున్నారు, ముందు పిల్లి. ఆల్బమ్ అమెరికాలో 15 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది, గ్రామీ కూడా వచ్చింది.

ముందు షిరెల్స్‌ది, వెంటనే ఇది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.