కొత్త హెచ్‌డీ టీవీలో మన వరంగల్ లోకల్ చానళ్లు రావాలంటే

హైదరాబాద్‌లో ఉంటున్న మీరు, హన్మకొండలో అమ్మానాన్నల కోసం 43 అంగుళాల టీవీ కొన్నామని, చానల్ స్కాన్ పెడితే ఒక్కటీ దొరకలేదని, కేబుల్ తీసేసి డీటీహెచ్ పెట్టించాలా అని అడిగారు. మా అమ్మ, బాపు ఉండే ఇంట్లో ఈ మధ్యే ఇదే పని దగ్గరుండి చేయించాను. అందుకే ముందుగా చెప్తున్నా, కేబుల్ మాత్రం ఇప్పుడే తీసేయించకండి.

మీ టీవీకి ఏ లోపమూ లేదు. స్కాన్‌కు దొరకాలంటే గాలిలో ప్రసారం ఉండాలి కదా, మన దగ్గర అదే లేదు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక చాలా ఏళ్లు మిద్దెల మీద యాంటెన్నాలు పెట్టుకుని చూశాం. ఆ అనలాగ్ ప్రసారాలను దూరదర్శన్ దశలవారీగా ఆపుకుంటూ వచ్చింది. సరిహద్దుల్లాంటి కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప మిగతావన్నీ 2022 మార్చికల్లా మూసేయాలని నిర్ణయించింది. 2016లో యాంటెన్నాతో అందే డిజిటల్ ప్రసారం 16 నగరాల్లో మొదలుపెట్టారు కానీ ఆ జాబితాలో హైదరాబాదే లేదు, ఇక వరంగల్ సంగతి చెప్పేదేముంది. కాబట్టి ఆన్‌లైన్‌లో కనిపించే 'హెచ్‌డీ ఇండోర్ యాంటెన్నా' కొని డబ్బులు పోగొట్టుకోకండి. అమెరికాలో లోకల్ స్టేషన్లు గాలిలోనే హెచ్‌డీ పంపుతాయి, అక్కడ అది పనికొస్తుంది.

కేబుల్ వైరును నేరుగా టీవీ వెనక గుచ్చినా ఏమీ రాదు. పాత టీవీలకు అట్లా వచ్చేది. 2017 మార్చి 31తో దేశమంతటా కేబుల్ డిజిటల్ కావాలన్న గడువు ముగిసింది. ఇప్పుడు సిగ్నల్‌కు తాళం వేసి పంపుతారు, అది తీసేది ఆపరేటర్ ఇచ్చే డబ్బానే (సెట్‌టాప్ బాక్స్).

ఇక అసలు విషయం. అమ్మానాన్నలు రోజూ ఏం చూస్తారో ఒకసారి కూర్చుని అడగండి. మా బాపుకు పొద్దున్నే మన సిటీ కేబుల్ వార్తలు కావాలి: ఏనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి ధర, ఏ కాలనీలో కరెంటు తీస్తున్నారు, భద్రకాళి గుడిలో ఏం జరుగుతోంది. అమ్మకు బతుకమ్మ రోజుల్లో వేయిస్తంభాల గుడి దగ్గర ఆడేది చూడాలి. ఇవి చూపించేది మన ఊరి కేబుల్ వాళ్లు నడుపుకునే చానళ్లు. వాటి సిగ్నల్ ఆ వైరులోనే ఉంటుంది, ఉపగ్రహానికి వెళ్లదు. ఎంత ఖరీదైన డీటీహెచ్ ప్యాక్ వేసుకున్నా అవి రావు. షోరూంలో టీవీతో పాటు డీటీహెచ్ కనెక్షన్ అంటగట్టబోయిన అబ్బాయి ఈ ముక్క మాకు చెప్పలేదు. పెద్దవాళ్లకు ఊరి కబురు దూరం చేసి మంచి బొమ్మ ఇస్తే ఏం లాభం చెప్పండి.

దూరదర్శన్ యాదగిరికి ఆ ఇబ్బంది లేదు. రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి అది తెలంగాణ దూరదర్శన్ చానల్, కేబుల్‌లోనూ డీటీహెచ్‌లోనూ వస్తుంది. 1995 నాటి కేబుల్ చట్టం కింద కొన్ని దూరదర్శన్ చానళ్లను ఆపరేటర్లు తప్పనిసరిగా ఇవ్వాలి. మీ దగ్గర కనిపించకపోతే మొహమాటపడకుండా అడగండి.

మేము చేసింది ఇది. కేబుల్ ఆయనకు ఫోన్ చేసి పాత డబ్బా బదులు హెచ్‌డీ డబ్బా పెట్టించాం. పాతది ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరుతో ఉండేది. కొత్త టీవీకి హెచ్‌డీఎంఐ వైరే పెట్టాలి, లేకపోతే హెచ్‌డీ చానల్ కూడా మసకగానే కనిపిస్తుంది. తర్వాత డబ్బా సెట్టింగ్స్‌లో వీడియో అవుట్‌పుట్ 1080కి, స్క్రీన్ 16:9కి మార్చాం. వచ్చిన అబ్బాయి వైరు గుచ్చి వెళ్లిపోతాడు, ఇది మనమే చూసుకోవాలి.

అయినా మన ఊరి చానల్ బొమ్మ అద్దంలా ఉంటుందని ఆశపడకండి. అది ఎస్‌డీలోనే, అంటే పాత మామూలు నాణ్యతలోనే వస్తుంది, బొమ్మలో 576 అడ్డగీతలే ఉంటాయి. మీ టీవీ ఫుల్ హెచ్‌డీ అయితే తెర మీద 1080 గీతలుంటాయి. చిన్న ఫొటోను పెద్దగా కడిగించినట్టు కొంచెం మెత్తగా కనిపిస్తుంది. పిక్చర్ మోడ్ 'వివిడ్' తీసేసి 'స్టాండర్డ్' పెట్టి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. మా ఇంట్లో దీనితోనే అక్షరాల చుట్టూ వచ్చే తెల్ల అంచులు పోయాయి, బాపు స్క్రోలింగ్ హాయిగా చదువుకుంటున్నారు.

అన్నిటికన్నా ఎక్కువ సుఖం ఇచ్చింది ఇంకో సెట్టింగ్. స్మార్ట్ టీవీ ఆన్ చేయగానే యాప్‌ల పేజీ వస్తుంది, పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. చాలా టీవీల్లో ఆన్ కాగానే నేరుగా డబ్బా వైరు గుచ్చిన హెచ్‌డీఎంఐ 1 తెరుచుకునేలా పెట్టుకోవచ్చు. అది పెట్టాక అమ్మ ఎవరినీ పిలవకుండా తనే టీవీ పెట్టుకుంటోంది. టీవీ రిమోట్‌తో ఆన్ చేయడం, డబ్బా రిమోట్‌తో చానల్ మార్చడం, అంతే. మీరు హైదరాబాద్ తిరిగి వెళ్లేముందు ఈ ఒక్క పని తప్పకుండా చేసి వెళ్లండి.

ప్యాక్ విషయంలో తెలుగు హెచ్‌డీ చానళ్లు నిజంగా చూసేవి రెండో మూడో వేయించుకోండి, చాలు. ఒకే చానల్ ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ ప్యాక్‌లో ఉంటే ఎస్‌డీది తీసేయమనండి, దానికి విడిగా డబ్బులు కట్టక్కర్లేదు.

పరకాల, ములుగు వైపు కేబుల్ అందని ఊళ్లో ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకు దూరదర్శన్ వాళ్ల ఉచిత డీటీహెచ్, డీడీ ఫ్రీ డిష్ మంచిది. నెలనెలా కట్టేదేమీ లేదు, యాదగిరి వస్తుంది. ఎంపెగ్-4 బాక్సే అడిగి తీసుకోండి, పాత రకంలో కొన్ని చానళ్లు రావు. ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది, మన దగ్గర నుంచి అది ఆగ్నేయం వైపు, బాగా ఎత్తున. ఆ మూలన వేపచెట్టో కొబ్బరిచెట్టో అడ్డం లేని చోట డిష్ చత్రి బిగించమనండి. కొన్ని కొత్త టీవీల్లో శాటిలైట్ ట్యూనర్ లోపలే ఉంటుంది, అప్పుడు చత్రి వైరు నేరుగా టీవీకే పెట్టొచ్చు, బాక్సు కూడా అక్కర్లేదు. టీవీ వచ్చిన అట్టపెట్టె మీద 'డీవీబీ-ఎస్2' అని ఉందేమో చూడండి.

మీ టీవీ మోడల్, కేబుల్ డబ్బా వెనక ఉన్న రంధ్రాల ఫొటో పెడితే ఏ వైరు కావాలో చెప్తాను.